అన్నయ్యకి పేర్లు పోయిన రోజులు

మా ఆఫీసులో మెయిన్ సర్వర్ పేరు సొర. కాటా దగ్గర లారీల బరువు నమోదు చేసే పాత కంప్యూటర్ తాబేలు. అకౌంట్స్ గదిలో ఉన్నవి చందువ, వంజరం, పండుగొప్ప, కానాగంత. ప్రింటర్ మాత్రం పీత. కాగితాన్ని పట్టుకుంటే ఓ పట్టాన వదిలేది కాదు.

ఈ పేర్లన్నీ పెట్టినవాడు అన్నయ్య. నాకు సొంత అన్నయ్య కాదు. పోర్టు పక్కన ఓడల సరుకు దించి, గోడౌన్లలో పెట్టి, లారీలకెత్తించే ఓ ప్రైవేటు కంపెనీలో నేను చేరేనాటికి కంప్యూటర్ల పనంతా ఆయన ఒక్కడే చూసేవాడు. నాది శృంగవరపుకోట వైపు పల్లెటూరు. మావాళ్లు వ్యవసాయం చేసేవాళ్లు. డిగ్రీలో కంప్యూటర్లు చదివాను గానీ, నిజంగా పనిచేసే నెట్‌వర్క్‌ని చూడ్డం అదే మొదలు. మొదటి రోజు సార్ అని పిలిచాను. "సారేటి? ఇక్కడ సార్లు శానామందున్నారు. అన్నయ్యా అను, సాలు," అన్నాడు. నన్ను సెల్లెమ్మా అనేవాడు. చివరిదాకా అలాగే పిలుచుకున్నాం.

ఆయనది సముద్రం ఒడ్డునున్న జాలరిపేట. తండ్రీ, తమ్ముళ్లూ వేటకి వెళ్లేవాళ్లు. ఈయనకి మాత్రం పడవెక్కితే వాంతులు. చిన్నప్పుడు ఎన్నిసార్లు తీసుకెళ్లినా అంతే. ఆఖరికి తండ్రి విసుగెత్తి బడికి పంపేశాడట. "సముద్రం నన్నొద్దనీసింది సెల్లెమ్మా. మరేటి సేత్తాను? ఇలగ కంప్యూటరు పట్టుకున్నాను," అని నవ్వేవాడు. పేటలో ఆయన వయసువాళ్లలో పడవ ఎక్కకుండా బతికినవాడు ఆయనొక్కడేనేమో. ఆ లోటు తీర్చుకోడానికో ఏమో, తన చేతికొచ్చిన ప్రతి మెషీన్‌కీ ఓ చేప పేరు పెట్టుకున్నాడు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నాకు నేర్పింది ఆయనే. కాలేజీలో నేర్చుకున్నది పరీక్షలకి సరిపోయింది. పనికొచ్చేది ఈయన దగ్గర నేర్చుకున్నాను. ముందుగా నేర్పింది పేర్లు వెతకడం. ప్రతి కంప్యూటర్‌కీ చుక్కలతో విడగొట్టిన ఓ నెంబరు ఉంటుంది. ఇంటికి డోర్ నెంబరులాగా అదే దాని అడ్రసు. పేరు మనకోసం పెట్టుకున్నది. పైథాన్ తెరిచి, సాకెట్ అనే మాడ్యూల్‌ని పిలిచి, కొటేషన్ గుర్తుల మధ్య పేరు రాసి అడిగితే నెంబరు చెబుతుంది. అదే పనిని తిరగేసి, నెంబరిచ్చి అడిగితే పేరు చెబుతుంది.

"మనిసికి పేరు గుర్తుంటాది. మెషీన్‌కి నెంబరు గుర్తుంటాది. మద్దిని ఈ రెండు లైన్లూ. ఇంతే సెల్లెమ్మా, ఇందులో ఏటీ లేదు," అన్నాడు ఆ రోజు. నేను 'సొర' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కగానే స్క్రీన్ మీద నెంబరొచ్చింది. చాలా సులువుగా ఉందనిపించింది. కీబోర్డు మీద రాత్రి పడ్డ బొగ్గు దుమ్ముని గుడ్డతో తుడుస్తూ ఆయన తృప్తిగా తలూపాడు. పోర్టు పక్క ఆఫీసు కదా, ఎన్నిసార్లు తుడిచినా మధ్యాహ్నానికి మళ్లీ నల్లగా పేరుకునేది.

అలా కొన్నేళ్లు గడిచాయి. నాకు పెళ్లయి గాజువాకలో కాపురం పెట్టాను. వదిన, అంటే ఆయన భార్య, చేపలు వండి డబ్బాలో పెట్టి నాకోసం పంపేది. వాళ్లకి ఒక్కతే కూతురు. అప్పటికి ఇంటర్‌లో చేరింది.

ఒక రోజు పొద్దున్న అన్నయ్య మామూలుగానే ఆఫీసుకొచ్చాడు. బ్యాగ్ పెట్టి, ఫ్యాన్ వేసి, నా వైపు తిరిగి, "సెల్లెమ్మా, అది... అదొకటి తెప్పించు," అన్నాడు.

"ఏటన్నయ్యా?"

"అదే. ఏడిగా. కప్పులో ఉంటాదే. తాగుతాం కదా."

హాస్యమాడుతున్నాడనుకున్నాను. "టీయా?" అంటే "ఆ, అదే" అన్నాడు గానీ మొహంలో నవ్వు లేదు. టీ వచ్చాక కప్పు అందుకోబోతే కుడి చేతిలోంచి జారి ఒళ్లో పడింది. వేడి టీ ఒంటి మీద పడినా ఆయన ఉలిక్కిపడలేదు. ఆ చేతినే, అదెవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. కంపెనీ జీపులో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకుని "ఏటైంది? నాకేటైంది?" అని అడుగుతూనే ఉన్నాడు.

మెదడుకి రక్తం సరిగా అందలేదన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడికాలు త్వరగానే దారిలోకొచ్చింది. చెయ్యి కూడా కొంచెం బరువుగా ఉన్నా పనికొచ్చింది. మాటే పూర్తిగా రాలేదు. పేర్లు పోయాయి. చిత్రంగా మిగతావన్నీ ఉన్నాయి. రా, కూర్చో, వద్దు, నొప్పి, ఎందుకు, ఇవన్నీ వచ్చేవి. వస్తువు పేరుగానీ మనిషి పేరుగానీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాడు. చొక్కాని "ఏసుకునేది" అనేవాడు. కొన్నాళ్లు సాధన చేయిస్తే కొంత రావచ్చు, ఎంతన్నది చెప్పలేమన్నారు డాక్టరు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్లాను. ఆయన తమ్ముడు అప్పుడే వేట నుంచి వచ్చి పళ్లెంలో చేపలు తెచ్చి ముందు పెట్టాడు. ఏవో రెండు పెద్దవి, మిగిలినవి చిన్నవి. "అన్నా, ఇదేటో సెప్పు," అన్నాడు, ఒకదాన్ని తోక పట్టుకుని ఎత్తి.

అన్నయ్య దాన్ని చాలాసేపు చూశాడు. వేలితో దాని వీపు మీద నిమిరాడు. పెదాలు కదిలాయి. "నీళ్లల్లో ఉంటాది," అన్నాడు చివరికి.

వదిన కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్లిపోయింది. జాలరింట్లో పుట్టి చందువని చందువ అనలేకపోవడం ఆవిడ తట్టుకోలేకపోయింది. "పచ్చవాతం వచ్చి మంచాన పడ్డా ఇంత బాధుండేది కాదమ్మా. నన్నెవులో అన్నట్టు సూత్తన్నాడు," అంది వంటగదిలో. "ఎవులో తెలీక కాదొదినా. తెలుసు. పేరే రాడంలేదు," అన్నాను. నమ్మినట్టు లేదు. సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. ఆయన్ని నడిపించుకుంటూ మెట్లన్నీ ఎక్కించింది. కొండ మీద స్వామి పేరు చెప్పమంటే చెప్పలేక చేతులు జోడించి నిలబడ్డాడట. వచ్చాక ఆ సంగతి చెప్పి ఏడ్చింది.

ఆఫీసుకెళ్తే పాత అలవాటు మీద ఏమైనా గుర్తొస్తుందేమోనని వదినే ఆశపడింది. మా మేనేజర్ని అడిగితే, పని అప్పగించలేం గానీ వచ్చి కూర్చోమనండి అన్నారు. అలా ఒక రోజు ఆయన్ని తీసుకొచ్చాను. అందరూ లేచి పలకరించారు. ఆయన అందరికీ తలూపాడు. ఒక్కరిని కూడా పేరుతో పిలవలేదు. అది తెలియనివ్వకూడదని ప్రతివాళ్ల భుజం మీదా చెయ్యేశాడు.

తన కుర్చీలో కూర్చోగానే చేతులు వాటంతటవే కీబోర్డు మీదికెళ్లాయి. పైథాన్ తెరిచాడు. సాకెట్‌ని పిలిచే లైను కొట్టాడు. నేను వెనక నిలబడ్డాను. రెండో లైనూ కొట్టాడు, పేరిచ్చి నెంబరు అడిగే లైను. అవి ఆయనకి మాటలు కావు, వేళ్లకి అలవాటు. తప్పు లేకుండా వచ్చాయి. కొటేషన్ గుర్తులు రెండూ పెట్టి, కర్సర్‌ని వాటి మధ్యకి తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

కర్సర్ వెలిగి ఆరుతోంది. ఆయన సర్వర్ ఉన్న గది వైపు చూశాడు. వేలు చూపించాడు. "అది. ఆ గదిలో. పెద్దది. నానే పెట్టినాను కదా," అన్నాడు. చెప్పేద్దామని నా నోటిదాకా వచ్చింది. డాక్టరు పేరు వెంటనే అందించొద్దన్నారని ఆగాను. ఎంత కష్టమైందో ఇప్పటికీ చెప్పలేను. ఎదురుగా మనిషి నీళ్లలో మునుగుతుంటే ఒడ్డున నిలబడి చూస్తున్నట్టుంది.

అప్పుడాయన వెనక్కి చెరుపుకుంటూ వెళ్లాడు. లైను మార్చాడు. నెంబరిచ్చి పేరు అడిగే లైను కొట్టాడు. కొటేషన్ల మధ్య ఒక్కసారి కూడా తడుముకోకుండా సర్వర్ నెంబరు మొత్తం చుక్కలతో సహా కొట్టి ఎంటర్ నొక్కాడు.

స్క్రీన్ మీద పేరొచ్చింది. ఆయన ముందుకి వంగాడు. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టుకుంటూ చదివాడు. "సొ... ర." మళ్లీ చదివాడు. "సొర! సొర సెల్లెమ్మా, సొర!" అని నా వైపు తిరిగి గట్టిగా నవ్వాడు. పక్క గదిలోంచి ఇద్దరు తొంగి చూశారు. నవ్వుతూనే ఏడ్చేశాడు. నేనూ అంతే.

ఆ పూటంతా అదే ఆట. నెంబరు కొట్టడం, పేరు రాగానే పైకి చదవడం. తాబేలు, వంజరం, పీత. నెంబర్లన్నీ ఆయనే ఇచ్చినవి, ఫోన్‌లో ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో. అవి చెక్కుచెదరలేదు. డాక్టర్ని అడిగితే, కొందరికి అంకెలు మిగులుతాయి, దాన్ని వాడుకోండి అన్నారు.

ఆఫీసులో మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్‌ని మేనేజర్ని అడిగి తీసుకుని, అందులో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఏ నెంబరు కొడితే ఆ పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. ఇంతే. ఇంట్లో వాటికీ మనుషులకీ నెంబర్లు ఆయన్నే పెట్టమన్నాను. ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో చాప మీద కూర్చున్నాం.

ముందు వదినని చూపించి ఒక వేలెత్తాడు.

"నానొకటో నెంబరా?" అంది వదిన.

"మా దగ్గర ఒకటో నెంబరు గేట్‌వేకిస్తామొదినా," అన్నాను. "లోపల్నించి ఏది బయటికెళ్లాలన్నా దాని మీంచే ఎల్లాలి."

వదిన ఆయన వైపు చూసింది. "పెళ్లైన ఇన్నేళ్లకి సెప్పినాడు," అని తల తిప్పేసుకుంది. చాలా రోజుల తర్వాత ఆవిడ మొహంలో సిగ్గు చూశాను.

తమ్ముళ్లకి, మంచానికి, అన్నానికి, చొక్కాకి, చేపలన్నిటికీ నెంబర్లిచ్చాడు. గుమ్మంలో నిలబడి చూస్తోంది కూతురు. "మరి అమ్మికి?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

"ఏదో ఒకటియ్యన్నయ్యా."

"ఒద్దు. దీనికి ఒద్దు." మాటలు వెతుక్కున్నాడు. "దీనిది... నానే. నాకొస్తాది. నానే సెప్తాను."

ఎందుకంత పట్టుదలో వదిన తర్వాత చెప్పింది. పిల్ల పుట్టినప్పుడు, చనిపోయిన నాన్నమ్మ పేరు, అంటే ఆయన తల్లి పేరు, పెట్టమని ఇంటిల్లిపాదీ అన్నారట. ఈయన ఒప్పుకోలేదు. కొత్త పేరుండాలని ఎన్నెన్నో పేర్లు చూసి, తనే ఒకటి ఎంచి పెట్టాడు. ఆ పేరు కోసం తండ్రితో కొన్నాళ్లు మాటల్లేవు. అంత ఇష్టంగా పెట్టుకున్న పేరుని మెషీన్‌ని అడిగి తెలుసుకోవడం ఆయనకి చిన్నతనంగా తోచిందేమో. ఆ పిల్లకి మాత్రం అప్పుడు అలా అర్థం కాలేదు, తననొక్కదాన్నే లెక్కలోంచి తీసేశాడనుకుంది. లోపలికెళ్లి పుస్తకం తెరిచి కూర్చుంది.

నెలలు గడిచేకొద్దీ పేర్లు కొన్ని తిరిగొచ్చాయి. ల్యాప్‌టాప్ తెరవకుండానే అన్నం అన్నాడు. తమ్ముళ్లిద్దర్నీ పిలిచాడు. ఒక సాయంత్రం పళ్లెంలో చేపని చూసి "చందువ" అన్నాడు. పేటంతా ఆ కబురు పాకింది. వదిన ఆ చందువని వండలేదు. సముద్రంలో వదిలెయ్యమని మరిదికిచ్చింది, అది చచ్చిన చేపైనా సరే.

కూతురి పేరు మాత్రం రాలేదు. రోజూ ప్రయత్నించేవాడు. ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చే వేళకి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. దూరంగా కనిపించగానే నోరు తెరిచేవాడు. ఆమె దగ్గరికొచ్చేసరికి మూసేవాడు. "పర్లేదు నాన్నా, రేపు సెబుదువు" అనేసి లోపలికెళ్లేది.

నేనున్న రోజే ఒకసారి జరిగింది. ఆ పిల్ల సందు మలుపు తిరిగింది. అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గట్టిగా ఒక పేరు పిలిచాడు. స్పష్టంగా, ఎక్కడా తడబడకుండా.

అది వాళ్ల నాన్నమ్మ పేరు.

వదిన కంగారుగా "కాదయ్యా, అది..." అంటూ సరిదిద్దబోయింది. ఆ పిల్ల అక్కడినుంచే తల్లికి చెయ్యి అడ్డంగా ఊపి, "ఆ... వస్తన్నాను నాన్నా!" అని పలికింది. పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన్ని పట్టుకుంది. అన్నయ్య మొహం వెలిగిపోతోంది. "సూసినావా? సెప్పినాను కదా, నాకొస్తాదని," అన్నాడు నాతో. "అవునన్నయ్యా" అన్నాను. తర్వాత వదినా నేనూ వంటగదిలో ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

ఆ రోజు నుంచి ఆయన అదే పేరుతో పిలిచాడు. ఆమె అదే పేరుకి పలికింది. ఆయనకి తప్పని ఎవరూ చెప్పలేదు.

అదే రోజుల్లో మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొన్నది. వచ్చినవాళ్లు కంప్యూటర్లకి చేపల పేర్లేమిటని నవ్వారు. ఊరి అక్షరాలు, విభాగం, అంకె, ఇలా అన్నిటికీ ఒకే పద్ధతిలో పేర్లుండాలన్నారు. ఆ పని నా మీదే పడింది. మార్చేశాను. ఒక మెషీన్‌కి అసలు పేరు ఒకటైనా, మారుపేరు ఇంకోటి పెట్టుకునే వీలుంది. పాత పేర్లన్నిటినీ మారుపేర్లుగా ఉంచాను. ఎవరూ అడగలేదు. అన్నయ్యకి చెప్పలేదు.

రెండోసారి ఆ జబ్బు వచ్చినప్పుడు ఆసుపత్రిదాకా కూడా వెళ్లలేదు. అన్నం తింటూ పక్కకి ఒరిగిపోయాడట. నేను వెళ్లేసరికి పేటలో ఆ రోజు ఎవరూ వేటకెళ్లలేదు. పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయి. వదిన ఏడవడం లేదు. వచ్చినవాళ్లకి ఒకటే మాట చెబుతోంది. "నా పేరు పిలిసినాడు. కూర ఏసినప్పుడు నా పేరెట్టి పిలిసి, సాలన్నాడు." పెళ్లైనప్పటి నుంచి ఆయన ఆవిడని పేరుతో పిలిచింది లేదు. ల్యాప్‌టాప్‌లో ఒకటో నెంబరు కొట్టి చదవడం మొదలెట్టాకే ఆ పేరు పలకడం నేర్చుకున్నాడు. ఆవిడకి దక్కింది అదొకటి.

ఆ పిల్ల డిగ్రీ అయ్యాక అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీలో చేరింది. ఈ మధ్య పొద్దున్నే గాజువాకలో బస్సు కోసం నిలబడితే కనిపించింది. మెడలో ఐడీ కార్డు. "అత్తా" అంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వదిన ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది.

"ఇంటికాడ అందరూ ఇప్పుడు నన్ను నాన్నమ్మ పేరుతోనే పిలుస్తన్నారత్తా. సిన్నాన్నలు కూడా. అలవాటైపోయింది," అంది.

"నీకు బాధగా లేదా?"

"దానికి కాదు." కార్డుని అటూ ఇటూ తిప్పింది. "దీని మీద అసలు పేరుంది. ఫ్యాక్టరీలో అలాగే పిలుస్తారు. కానీ నాన్న నోట ఆ పేరు ఎలాగుండేదో మర్సిపోతన్నాను. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా, ఆ రెండో పేరే వినిపిస్తంది."

నాకు గుర్తుంది. ఆఫీసులో అన్నయ్య సాయంత్రం బడి విడిచాక ఇంటికి ఫోన్ చేసేవాడు. కూతురే ఎత్తేది. ఎత్తగానే ఆ పేరు పిలిచేవాడు. పక్క కుర్చీలో కూర్చుని ఏళ్ల తరబడి విన్నాను. ఆ మాట చెప్పాను.

"అలగే ఓసారి పిలవత్తా," అంది.

చుట్టూ జనం. షేర్ ఆటోలవాళ్లు కేకలేస్తున్నారు. నేను ఆయన పిలిచినట్టే ఆమె పేరు పిలిచాను. ఆమె తల వంచుకుని విన్నది.

"కాదత్తా. సివర్న కొంచెం సాగదీసీవోడు."

చివర కొంచెం సాగదీసి ఇంకోసారి పిలిచాను. తలూపింది. అవునన్నదో, ఇక చాలన్నదో నాకు తెలియలేదు. ఇంతలో వాళ్ల ఫ్యాక్టరీ బస్సు వచ్చింది. ఎక్కింది. కూర్చోడానికి చోటు దొరకలేదేమో, పైన రాడ్డు పట్టుకుని నిలబడే వెళ్లిపోయింది.